నెలలు నిండకుండా పుట్టిన పాపకు ఏ వయసు లెక్క?

ప్రశ్న: మా పాప 34 వారాలకే పుట్టింది. ఇప్పుడు 8 నెలలు. బోర్లా పడుతోంది కానీ ఆసరా లేకుండా కూర్చోవడం లేదు. ఇంట్లో వాకర్ కొనమంటున్నారు. కొనమంటారా?

జవాబు: వాకర్ వద్దమ్మా. అది దొర్లి పడుతుంది, పైగా నడక తొందరగా రాదు. ముందు వయసు లెక్క చూడండి. 40 వారాలకు 6 వారాలు తక్కువ కాబట్టి 8 నెలల్లోంచి నెలన్నర తీసేయండి. ఎదుగుదలకు మీ పాప వయసు ఆరున్నర నెలలే. రెండేళ్లదాకా ఇదే లెక్క. టీకాలకు మాత్రం పుట్టిన తేదీయే. ఇలా తగ్గించిన వయసు లెక్కన 9 నెలల్లోపు ఆసరా లేకుండా కూర్చుంటే చాలు.

మంచం మీద కాదు, నేల మీద చాప పరిచి ఆడించండి. మీ కాళ్ల మధ్య కూర్చోబెట్టి, చంకల దగ్గర కాకుండా తుంటి దగ్గర పట్టుకోండి. అప్పుడే నడుము పనిచేస్తుంది. మొదట రెండు చేతులూ నేలకు ఆనించి ముందుకు వంగి కూర్చుంటుంది. తర్వాత ఒక చెయ్యి లేపి గిలక్కాయ అందుకుంటుంది. ఆ చెయ్యి లేచిందంటే దారిలో పడ్డట్టే.

మెడ ఇంకా నిలవకపోయినా, రెండో చెయ్యి వాడకుండా ఎప్పుడూ ఒకే చేత్తో అందుకుంటున్నా, కాళ్లు కర్రల్లా బిగుసుకుంటున్నా, చప్పుడుకు తిరగకపోయినా, వచ్చిన పని మానేసినా ఆగకండి, వెంటనే పిల్లల డాక్టరుకు చూపించండి.