రెండు చివరలు రెండు క్రోమోజోముల్లో దొరికితే

ప్రశ్న: మా నాన్నగారికి సీఎంఎల్ అన్నారు, అదే ఒక రకం బ్లడ్ క్యాన్సర్. రిపోర్టులో 9, 22 క్రోమోజోముల మధ్య ట్రాన్స్‌లొకేషన్ (అంటే ముక్కలు మారడం), బీసీఆర్-ఏబీఎల్ (ఆ అతుకు వల్ల ఏర్పడే జీన్) పాజిటివ్ అని ఉంది. నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాను. క్రోమోజోమ్ ఎక్కడ తెగి ఎక్కడ అతుక్కుందో ప్రోగ్రాములు ఎలా పట్టుకుంటాయండీ? నాన్నకి జీనోమ్ మొత్తం సీక్వెన్సింగ్, అంటే డీఎన్ఏ అంతా చదివించడం, చేయించాలా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు రెండోది చెప్తా, డబ్బుతో పని కాబట్టి. మామూలుగా అక్కర్లేదండి, సీఎంఎల్‌కి కేరియోటైప్ (క్రోమోజోముల్ని మైక్రోస్కోపులో చూడటం), ఫిష్ (మెరిసే రంగులతో ఆ జీన్లని గుర్తుపట్టడం), పీసీఆర్ (ఆ అతుకు జీన్ ఎంతుందో కొలవడం) టెస్టులు సరిపోతాయి. 1960లో ఫిలడెల్ఫియాలో నోవెల్, హంగర్‌ఫర్డ్ అనే పరిశోధకులు ఈ జబ్బున్నవాళ్ల కణాల్లో మైక్రోస్కోపులో ఓ పొట్టి క్రోమోజోమ్ చూశారు, అది 9తో ముక్కలు మార్చుకున్న 22 అని 1973లో జానెట్ రౌలీ తేల్చారు.

ఇక ప్రోగ్రాముల సంగతి. డీఎన్ఏని దాదాపు 400 అక్షరాల ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కని రెండు చివర్ల నుంచీ 150 అక్షరాల చొప్పున చదువుతారు, ఆ రెండు చివర్లూ రిఫరెన్స్ జీనోమ్‌లో (పోల్చడానికి పెట్టుకున్న నమూనా మనిషి డీఎన్ఏలో) ఎక్కడ కూర్చుంటాయో వెతుకుతారు, పక్కపక్కనే కూర్చోవాలి కదా, ఒకటి 22లో ఇంకోటి 9లో కూర్చుందనుకోండి, అక్కడ అనుమానం మొదలు. ఒక్క జంట చెప్తే నమ్మకూడదు, ల్యాబ్‌లో రెండు ముక్కలు పొరపాటున అతుక్కుని ఉండొచ్చు. అదే చోట పదీ పదిహేను జంటలు అదే మాట చెప్తే అప్పుడు నమ్మొచ్చు. ఇంకా గట్టి సాక్ష్యం స్ప్లిట్ రీడ్ (రీడ్ అంటే అలా ఒక చివర నుంచి చదివిన 150 అక్షరాలు): ఒకే రీడ్‌లో మొదటి 90 అక్షరాలు 22కి, మిగతా 60 అక్షరాలు 9కి సరిపోతాయి, అంటే తెగిన చోటు అక్షరంతో సహా దొరికినట్టే. డెల్లీ, మాంటా అనే ప్రోగ్రాములు చేసేది ఇదే. తర్వాత అదే మనిషి ఆరోగ్యకరమైన కణాలతో పోల్చి, పుట్టుకతో ఉన్న తేడాలు తీసేస్తారు.

కష్టమంతా రిపీట్ల దగ్గర, ఒకే వరస వందల చోట్ల ఉంటే రీడ్‌ని ఎక్కడ పెట్టాలో ప్రోగ్రాముకీ తెలీదు, అందుకే వేల అక్షరాలు ఒకేసారి చదివే లాంగ్ రీడ్లు నాకు చాలా ఆశ కలిగిస్తున్నాయి. పైగా కొన్ని ట్యూమర్లలో క్రోమోజోమ్ ఒక్క దెబ్బకే పదుల ముక్కలై ఎలా పడితే అలా అతుక్కుంటుంది, 2011లో దీనికి క్రోమోత్రిప్సిస్ అని పేరు పెట్టారు, అక్కడ తెగిన చోట్లు దొరికినా ముక్కల వరస కట్టడం పెద్ద గ్రాఫ్ ప్రాబ్లమ్.

డెల్లీ, మాంటా కోడ్ ఉచితంగానే దొరుకుతుంది, చూడండి, మీకు నచ్చుతుంది. నాన్నగారి మాత్రలు మాత్రం ఒంట్లో బాగుందని డాక్టర్ని అడక్కుండా మానిపించకండి, మూడేసి నెలలకి రాసే పీసీఆర్ కూడా వదలొద్దు.