రీ: మెడ బెల్టు ఒక్కటే ఎర్రగా ఉంచుదామంటే కుక్క చెవులు, నాలుక కూడా ఎర్రగా మిగులుతున్నాయి

ఫోటో అంతా నలుపు తెలుపులో ఉండి కుక్క మెడ బెల్టు ఒక్కటే ఎర్రగా ఉండాలని, స్లైడర్లతో ఎరుపు తప్ప మిగతా రంగుల శాచురేషన్ (రంగు గాఢత) తగ్గించారు కదా, సమస్య అక్కడే. గోధుమరంగు బొచ్చులో, నాలుకలో కూడా ఎరుపు ఉంటుంది. స్లైడర్‌కి బెల్టేదో చెవేదో తెలియదు. రంగును బట్టి కాకుండా చోటును బట్టి వేరు చేయాలి.

ఫోటోషాప్‌లో ఇలా చేయండి:

1. స్లైడర్లన్నీ మళ్లీ సున్నాకి తెచ్చి, బ్లాక్ అండ్ వైట్ అడ్జస్ట్‌మెంట్ లేయర్ (అసలు ఫోటోని మార్చకుండా పైన పొరలా ఉండి దాన్ని నలుపు తెలుపులో చూపించేది) వేయండి. ఇమేజ్ మోడ్‌ని గ్రేస్కేల్ చేయొద్దు, రంగు మొత్తం పోతుంది.

2. ఆ లేయర్ మాస్క్ (లేయర్ ప్రభావం ఎక్కడ కనిపించాలో చెప్పే, లేయర్ పక్కనుండే తెల్ల పెట్టె) మీద క్లిక్ చేసి, నల్ల బ్రష్‌తో బెల్టు మీద పూయండి. ఎరుపు తిరిగొస్తుంది.

3. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, అసలు పని ఇప్పుడే మొదలు. 200 శాతం జూమ్ చేయండి. బెల్టు అంచు మీద పడ్డ వెంట్రుకలు ఎర్రగా కనిపిస్తాయి. వాటిని వదిలేస్తే బెల్టు తర్వాత అతికించినట్టే ఉంటుంది. ఎక్స్ కీ నొక్కి బ్రష్‌ని తెలుపుకి మార్చి, 2-3 పిక్సెల్ల సైజులో, బొచ్చు వాలిన వైపే ఒక్కో వెంట్రుకా గీయండి. తెలుపు పడిన చోట ఫోటో మళ్లీ నలుపు తెలుపులోకి వెళ్తుంది. బెల్టు రంగు గొంతు కింది బొచ్చు మీద కూడా పడుతుంది, ముఖ్యంగా ఎండలో తీసిన ఫోటోల్లో. అక్కడ కూడా తెలుపు పూయండి.

4. బొచ్చు మరీ నల్లగా అనిపిస్తే అదే లేయర్‌లో రెడ్స్, యెల్లోస్ స్లైడర్లు కాస్త పెంచండి. బెల్టు రంగు మారదు.

నాలుకకి మాత్రం రంగు ఉంచకండి. ఉంచితే చూసేవాళ్ల చూపు కుక్క కళ్ల మీద నిలవదు.