మధ్యాహ్నపు క్యారేజీ గురించి అమ్మాయికి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. మీ అత్తగారు పక్షవాతంతో మంచాన పడినప్పటి నుంచి తెల్లవారుజామున ఆవిడ పనులు, ఆ తరువాత పిల్లల క్యారేజీలు, వెంటనే భీమవరం బస్సు, ఇలా పరుగులు పెడుతూ నీ భోజనం సంగతి చూసుకోలేకపోతున్నావనీ, చాలా రోజులు మధ్యాహ్నం మూడు గంటలకు చల్లారిన అన్నంలో ఏదో ఒక పచ్చడి కలుపుకొని తింటున్నావనీ వ్రాశావు. రక్తంలో చక్కెర కొంచెం హద్దు దాటిందని డాక్టరు అన్న మాటను చివర్లో ఒక్క ముక్కతో సరిపెట్టావు గాని, నాకు ఉత్తరమంతటిలోనూ అదే ముందు కనిపించింది. అల్లుడు కువైట్‌లో ఉన్నాడు. ఇంటి బరువంతా నీ మీదనే ఉంది. ఈ రోజుల్లో నీవు మధ్యాహ్నం ఏమి తింటున్నావన్నది చిన్న విషయమని నేను అనుకోను.

ట్యూనా సలాడ్ మనవాళ్ళకు సరిపడుతుందా అని అడిగావు. నిస్సందేహంగా సరిపడుతుంది. కాకినాడలో చేపలు ఎగుమతి చేసే చోట నాణ్యత చూసే ఉద్యోగంలోనే నా వయసంతా గడిచింది కనుక, ఈ చేప గుణమూ దోషమూ రెండూ నాకు తెలుసు. నీలాంటి పరిస్థితిలో ఉన్నవారికి భోజనం ఎలా ఉండాలంటే, పొయ్యి వెలిగించే పని లేకుండా రాత్రి పది నిమిషాల్లో సిద్ధం కావాలి, మరునాడు ఒంటిగంటకు ఆలోచన అక్కరలేకుండా చేతికి అందాలి. అలసిన మనిషి ఆకలి వేళ మంచిచెడ్డలు ఎంచుకోలేదు. అందుకే ఆ ఎంపిక ముందు రాత్రే అయిపోవాలి.

ట్యూనా ముక్కలు డబ్బాల్లో అమ్ముతారు; ఆ డబ్బా కొనేటప్పుడు నూనెలో వేసినది కాకుండా నీటిలో వేసినది చూసి తీసుకో. నీరు వంచేసిన 100 గ్రాముల ట్యూనాలో 20 నుంచి 25 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి, కొవ్వు చాలా తక్కువ, కేలరీలు కూడా 100కు కాస్త అటూ ఇటూగానే ఉంటాయి. నూనెలో ఉన్నదైతే కేలరీలు దాదాపు రెట్టింపు అవుతాయి. ఉప్పునీటిలో వేసిన డబ్బా అయితే ముక్కలను జల్లెడలో వేసి మంచినీటితో ఒకసారి కడుగు, ఉప్పు కొంత పోతుంది. ఉబ్బిన డబ్బాను, అంచు నొక్కుకుపోయిన డబ్బాను ధర తగ్గించి ఇచ్చినా ముట్టుకోవద్దు. తెరిచిన తరువాత మిగిలినదాన్ని అదే డబ్బాలో ఉంచకుండా స్టీలు గిన్నెలోకో గాజు గిన్నెలోకో మార్చి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచు. మూడు రోజుల్లోపు వాడేయాలి.

ఉప్పాడ నుంచో కాకినాడ రేవు నుంచో తాజా ట్యూనా దొరికితే ఇంకా మంచిది, అయితే ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఈ చేప పట్టిన క్షణం నుంచి మంచులో ఉండాలి. ఎండలో కాసేపు వదిలేస్తే దానిలోని సూక్ష్మజీవులు హిస్టమిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. అది ఒకసారి పుట్టిందంటే ఎంత ఉడికించినా, వేయించినా పోదు. తిన్న కొద్దిసేపటికే ముఖం ఎర్రబడడం, ఒళ్ళు దురద, తలనొప్పి వస్తాయి. కొన్నిసార్లు నాలుక మీద మిరియం లాంటి ఘాటు తగులుతుంది. చాలామంది దీన్ని చేప పడకపోవడం అనుకుంటారు గాని, దోషం చేపది కాదు, మంచు లేకపోవడానిది. కాబట్టి గట్టిగా, మెరుస్తూ, మంచులో ఉన్న ముక్కనే కొను. తట్టలో ఎండకు పెట్టినదాన్ని ఎంత బ్రతిమాలినా కొనవద్దు. తెచ్చిన ముక్కను పసుపు, ఉప్పు రాసి ఆవిరిమీద పూర్తిగా ఉడికించి, చల్లార్చి, వేళ్ళతో విడదీసుకుంటే సలాడ్‌కు సిద్ధమవుతుంది.

ఇక కలిపే తీరు. ఒక మనిషికి సగం డబ్బా నుంచి ముప్పావు డబ్బా చాలు. కీరదోసకాయ, గింజలు తీసిన టమాటా, సన్నగా తరిగిన ఉల్లిపాయ, గుప్పెడు ఉడికించిన శనగలు, కొత్తిమీర వేసుకో. మయొనైజ్ మాత్రం వద్దు; ఒక్క పెద్ద చెంచాలోనే 90 కేలరీల పైన ఉంటాయి, పైగా మన ఎండకు తొందరగా పాడవుతుంది. దానికి బదులు మన ఇళ్ళలో పనసపొట్టు కూరకు పెట్టే ఆవ ఉంది కదా, అదే పెట్టు. అర చెంచా ఆవపిండిని కాసిని నీళ్ళతో తడిపి ఐదు నిమిషాలు ఉంచితే ఘాటు బయటికి వస్తుంది. అందులో ఒక చెంచా నువ్వుల నూనె, అర నిమ్మకాయ రసం, మిరియాల పొడి కలిపి, వేరే చిన్న డబ్బాలో పోసుకొని తినే ముందు కలుపుకో. ఉప్పు కూడా అప్పుడే వేసుకోవాలి, ముందే వేస్తే కీర నీరు వదిలి క్యారేజీ అంతా నీళ్ళపాలవుతుంది. కోనసీమ పంపర పనస దొరికే రోజుల్లో నాలుగు తొనలు విడదీసి కలిపితే ఆ పులుపుకు చేప రుచి ఎంతో బాగుంటుంది. చేప తిన్న పూట పెరుగు తినకూడదని మీ అత్తగారికి పట్టింపు ఉంటుంది. అది శాస్త్రం నిరూపించిన విషయం కాదు, అయినా ఈ సలాడ్‌లో పెరుగు పని లేదు కనుక ఆ మాట మీద వాదన పెట్టుకోవద్దు. కార్తీకమాసంలో చేప తీసేసి, శనగలు ఎక్కువ చేసి, మొలకెత్తిన పెసలు చేర్చి ఇదే పద్ధతిలో చేసుకో.

పచ్చి కూరగాయల విషయంలో మన డెల్టాలో నీటి జాగ్రత్త తప్పనిసరి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు చెరువుల్లో నిలిచిన నీరూ, వరద రోజుల్లో వచ్చే ఎర్రనీరూ పచ్చివి కడగడానికి పనికిరావు. కాచి చల్లార్చిన నీటితోనో, ఫిల్టరు నీటితోనో కడుగు. తొక్కతీసి తినేవాటి తొక్క తీయడం మరచిపోవద్దు.

క్యారేజీ గురించి. వండిన చేప మామూలు వేడిలో రెండు గంటలకు మించి ఉండకూడదు, రోహిణి కార్తె ఎండల్లో గంటకు మించకూడదు. ముందు రాత్రి ఒక చిన్న సీసాలో మజ్జిగ గాని నీరు గాని గడ్డకట్టించి, గుడ్డలో చుట్టి, డబ్బా పక్కన పెట్టుకొని వెళ్ళు. ఆఫీసులో ఫ్రిజ్ ఉంటే చేరగానే అందులో పెట్టేయి.

అన్నం మానేయమని నేను చెప్పను. మెతుకు తగలకపోతే మనవాళ్ళకు భోంచేసినట్టు ఉండదు. మానేస్తే సాయంత్రం ఇంటికి వచ్చి చేగోడీలతో కడుపు నింపుకుంటావు. దంపుడు బియ్యపు అన్నం చిన్న కప్పుడు తీసుకెళ్ళి, కూరముక్కలూ చేపా ముందు తిని, అన్నం చివర తిను. ఆ వరుసలో తింటే చక్కెర ఒక్కసారిగా పైకి పోదు, ఆఫీసులో నిద్ర ముంచుకురావడమూ తగ్గుతుంది.

రోజూ ట్యూనానే తినాలని లేదు, తినకూడదు కూడా. పెద్ద చేపల్లో పాదరసం చేరుతుంది. డబ్బాల్లో లైట్ అని రాసినది, అంటే ఎక్కువగా చిన్న జాతి స్కిప్‌జాక్, వారానికి రెండు మూడు పూటలు తినవచ్చు. ఆల్బకోర్ అని, అంటే ఇంకా పెద్ద జాతి ట్యూనా అని, రాసి ఉంటే వారానికి ఒక్క పూట చాలు, దానిలో పాదరసం సుమారు మూడింతలు ఉంటుంది. మీ చిన్నపిల్లకు పెడితే ఇంకా తక్కువ పెట్టు. మిగిలిన రోజుల్లో ఉడికించిన గుడ్లు గాని, ముందు రోజు రాత్రి వేరుగా తీసిపెట్టిన చందువ ముక్క గాని ఇదే సలాడ్‌లో వేసుకో. ఆదివారం సాయంత్రం శనగలు ఒకేసారి నానబెట్టి ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే బుధవారం వరకూ సరిపోతాయి.

రాత్రి మీ అత్తగారికి మందులు ఇచ్చిన తరువాత నీకు దొరికే ఆ పది నిమిషాలు ఈ పనికి కేటాయించు. పెద్దవాడికి కీర తరగడం నేర్పు, వాడికి ఆ వయసు వచ్చింది. వచ్చే నెల రక్తపరీక్ష కాగితం నాకు పంపించు. మీ పెద్దమ్మ ఆవపిండి కొట్టించి ఉంచింది, పాలకొల్లు వైపు వచ్చేవారి చేతికి ఇచ్చి పంపిస్తాము.

ఆశీస్సులతో,
పెదనాన్న