జబ్బుకు మనిషి పేరుంటే

చి. అమ్మాయికి,

మనుషుల పేర్లున్న జబ్బులూ సైన్‌లూ (రోగి ఒంట్లో డాక్టరు చూసే గుర్తులు) పట్టీ రాసుకుని వైవాకి బట్టీ పడుతున్నావట. ఆ పట్టీ పక్కన పడేసి, ఒక్కో పేరుకి మూడు గళ్లు గీసుకో: ఆయన ఏం చూశాడు, ఎప్పుడు చూశాడు, ఇప్పుడు దాన్ని ఏమంటున్నారు. మూడూ నిండకపోతే ఆ పేరు నీకు రానట్టే.

ఒకే మనిషి పేరు రెండు మూడు చోట్ల తగులుతుంది. అక్కడే బోల్తా పడతారు. ఏ కారణంగానైనా ఒంట్లో కార్టిసాల్ అనే స్టెరాయిడ్ హార్మోన్ ఎక్కువైతే కుషింగ్ సిండ్రోమ్, నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగినా సరే. మెదడు కింది పిట్యూటరీ గ్రంథిలో, కార్టిసాల్‌ని పెంచే ఏసీటీహెచ్ హార్మోన్ వదిలే గడ్డ ఉంటేనే కుషింగ్ డిసీజ్. హార్వీ కుషింగ్ 1932లో రాసింది ఈ గడ్డల గురించే. కుషింగ్ ట్రయాడ్ (మూడు లక్షణాల గుంపు) దగ్గరికొస్తే కార్టిసాల్ ఊసే లేదు: తలలో ఒత్తిడి పెరిగి, బీపీ ఎక్కి, నాడి నెమ్మదించి, శ్వాస లయ తప్పుతుంది.

ట్రూసో సైన్‌లు కూడా రెండు. కాల్షియం తగ్గినవాళ్లలో చూసేదానికి బీపీ కఫ్‌ని సిస్టాలిక్ (బీపీలో పై అంకె) కన్నా 20 మిల్లీమీటర్లు పైకి ఎక్కించి 3 నిమిషాలు ఉంచాలి. మణికట్టు వంగుతుంది, వేళ్లు మొదళ్ల దగ్గర వంగి చివర్లు నిటారుగా ఉంటాయి, బొటనవేలు అరచేతిలోకి వస్తుంది. చాలామంది నిమిషానికే గాలి వదిలేసి ‘లేదు’ అని రాసేస్తారు. రెండోది కాన్సర్ రోగుల్లో సిరలు గడ్డకట్టి వాచి, ఆ వాపు చోటు మారుతూ ఉండటం. పాపం, అది ట్రూసోకే వచ్చింది. 1867లో కాన్సర్‌తోనే పోయాడు.

మెదడు, వెన్నుపాము నరాల దారి దెబ్బతిందేమో చూసే బాబిన్‌స్కీ పరీక్ష (1896) చెయ్యి తిరిగేదాకా చెయ్యి. మొద్దు కొనతో, మడమ దగ్గర మొదలుపెట్టి, అరికాలి బయటి అంచు వెంట నిదానంగా పైకి గీసి, చిటికెనవేలి కింద లోపలికి తిప్పి, బొటనవేలి మొదలు రాకముందే ఆపాలి. గట్టిగా గీకితే రోగి కాలు లాక్కుంటాడు, దాన్ని పాజిటివ్ అనుకుంటారు. బొటనవేలి మొదటి కదలిక ఒక్కటే లెక్క: పైకి లేస్తే పాజిటివ్. ఏడాదిలోపు పసివాళ్లలో అది పైకి లేవడం సహజం. ‘బాబిన్‌స్కీ నెగెటివ్’ అని రాయకు, ‘ప్లాంటార్ ఫ్లెక్సర్’ (వేలు కిందికి వంగింది) అని రాయి.

పేరున్నవాడే ఆ పేరు పెట్టుకున్నాడని అనుకోకు. పార్కిన్‌సన్ 1817లో వణుకుడు పక్షవాతమన్నాడు. ఆయన పేరు తగిలించింది ఫ్రెంచి డాక్టరు షార్కో. గియాన్-బారే సిండ్రోమ్ (నరాలు దెబ్బతిని కండరాలు చచ్చుబడే జబ్బు) గురించి 1916లో గియాన్, బారేలతో పాటు స్ట్రోల్ కూడా రాశాడు, ఆయన్ని జనం మర్చిపోయారు. డబ్లిన్‌లో గ్రేవ్స్ 1835లో వర్ణించిన థైరాయిడ్ జబ్బు జర్మన్ పుస్తకాల్లో బాసెడో పేరుతో ఉంటుంది. బాసెడో రాసింది 1840లో.

కొన్ని పేర్లు కొట్టేశారు. రైటర్ సిండ్రోమ్‌కి పేరిచ్చిన రైటర్‌కి నాజీల బూకెన్‌వాల్డ్ శిబిరంలోని టైఫస్ జ్వరం ప్రయోగాలతో సంబంధముంది కాబట్టి ‘రియాక్టివ్ ఆర్థ్రైటిస్’ (ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చే కీళ్లవాపు) అనే రాయి. రక్తనాళాలు వాచే ఒక జబ్బుకి పేరిచ్చిన వెగెనర్ నాజీ పార్టీ మనిషి, ఆ పేరూ వాడకు. పాత కేస్ షీట్లలో కనబడతాయి కాబట్టి గుర్తుపట్టడం మాత్రం రావాలి.

అప్పుడే పుట్టిన బిడ్డ పరిస్థితికి వేసే ఆప్‌గార్ స్కోరు పేరుని పొడి అక్షరాలనుకుంటారు. అది వర్జీనియా ఆప్‌గార్ ఇంటిపేరు. స్కోరు 1953లో అచ్చయితే, అక్షరాలకు మాటలు అతికించింది దాదాపు పదేళ్ల తర్వాత. 1వ నిమిషానికీ 5వ నిమిషానికీ విడివిడిగా రాయాలి, మర్చిపోకు.

ఆశీస్సులతో,
పెదనాన్న