ఫోన్ చూశానని మాట్లాడటం మానేశాడు

ప్రశ్న: మాది నెల్లూరు, బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా బాబు తొమ్మిదో తరగతి. స్కూల్ నుంచి రాగానే గది తలుపు వేసుకుంటాడు. అనుమానమొచ్చి వాడు పడుకున్నాక ఫోన్ చూశాను. క్లాసులో అమ్మాయితో చాటింగ్ ఉంది, చెడ్డగా ఏమీ లేదు. మా ఆయన కోప్పడి ఫోన్ లాక్కున్నారు. మూడు వారాలుగా మాతో మాట్లాడడు. విజయవాడ హాస్టల్లో వేసేద్దాం అంటున్నారు ఆయన. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు హాస్టల్ సంగతి. ఇప్పుడు మాత్రం వద్దు. చదువు కోసం, వాడు కూడా సరేనంటే తర్వాత ఆలోచించుకోవచ్చు గానీ, ఈ గొడవ మధ్యలో పంపిస్తే అమ్మానాన్నా నన్ను వదిలించుకున్నారనే అనుకుంటాడు. ఆ బాధ చాలా ఏళ్లు ఉండిపోతుంది.

చెడ్డగా ఏమీ లేదని మీరే రాశారు. మరి శిక్ష దేనికి? ఈ వయసులో క్లాసులో అమ్మాయితో కబుర్లు చెప్పుకోవడం, తనకంటూ ఒక గది, ఒక తలుపు కావాలనుకోవడం ఎదుగుతున్న పిల్లల్లో మామూలే. వాడికి తగిలిన దెబ్బ ఫోన్ పోవడం ఒక్కటే కాదు, అమ్మ దొంగచాటుగా చూసిందన్నది.

కాబట్టి వాడితో నేరుగా చెప్పండి: "నీకు చెప్పకుండా చూశాను, తప్పే. ఇకమీదట చూడాల్సి వస్తే నీకు చెప్పి, నీ ముందే చూస్తాను." అంతే, అక్కడితో ఆపేయండి. "నీ మంచి కోసమే కదా" అని తోక తగిలిస్తే చెప్పిందంతా వృథా. వాడు "సరే" అని లోపలికి వెళ్లిపోవచ్చు, వెళ్లనివ్వండి.

ఫోన్ తిరిగిచ్చి, ముగ్గురూ కూర్చుని నియమాలు పెట్టుకోండి. రాత్రి పదయ్యాక అందరి ఫోన్లూ హాల్లోనే ఛార్జింగ్‌లో ఉండాలి, మీ ఆయనది కూడా. ఇది నిద్ర కోసం. టీనేజ్‌లో నిద్ర తెప్పించే మెలటోనిన్ అనే హార్మోన్ రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది, అందుకే వాళ్లకు తొందరగా నిద్ర పట్టదు. కావాల్సింది మాత్రం 8 నుంచి 10 గంటలు. ఈ ఊరి ట్రాఫిక్ వల్ల స్కూల్ బస్సేమో పొద్దున్నే వచ్చేస్తుంది. వాడి చిరాకులో కొంత నిద్ర చాలక వచ్చేదే అయుండొచ్చు. ఆదివారం ఇంకో గంట పడుకుంటే లేపకండి.

ఇంకో మాట కూడా ముందే చెప్పి ఉంచండి: ఆన్‌లైన్‌లో ఎవరైనా ఫోటోలు అడిగినా, బెదిరించినా, నువ్వేం చేసుంటావో అని తిట్టం, ముందు మా దగ్గరికి రా. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉందనీ వాడికి తెలియాలి.

మాట కలపడానికి ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు వేయొద్దు. ట్యూషన్‌కి బండి మీద దింపేటప్పుడు, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పిల్లలు వాళ్లంతట వాళ్లే ఏదో ఒకటి అంటారు. మార్కుల ఊసు మాత్రం ఎత్తకండి, వినండి.

మీతోనే కాక స్నేహితులతోనూ మాట్లాడకపోయినా, తిండి, ఆట మానేసినా, రెండు వారాలు చూసి డాక్టర్‌కి చూపించండి. బతకాలని లేదన్నా, ఒంటి మీద కోతలు కనిపించినా ఒక్క రోజు కూడా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. హోసూరు రోడ్డులోని మానసిక వైద్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో పిల్లల కోసం ప్రత్యేక విభాగం ఉంది. వేరే పని అని చెప్పి తీసుకెళ్లకండి, ఎక్కడికి, ఎందుకు అన్నది వాడికి చెప్పే తీసుకెళ్లండి.

మీ ఆయనకీ ఈ జవాబు చూపించండి. వాడితో మాట్లాడే ముందు మీరిద్దరూ ఒక మాట మీదకు రావాలి.