వంటలో ఉప్పు సగం చేశాం, అయినా బీపీ దిగడం లేదు!

ప్రశ్న: నా వయసు 52. బీపీకి రోజూ మాత్ర వేసుకుంటున్నాను. మూడు నెలలుగా వంటలో ఉప్పు సగానికి తగ్గించాం. అయినా బీపీ 150/90 దగ్గరే ఉంటోంది. ప్యాకెట్ ఆహారంలో ఉప్పు తగ్గించమని ప్రభుత్వాలు కంపెనీలకు చెబుతున్నాయట. దానివల్ల నాలాంటివాళ్లకు ఒరిగేదేమిటి? లో సోడియం ఉప్పు వాడొచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: మూడు నెలలు చప్పటి కూర తినడం తేలికేం కాదమ్మా. ఆ పట్టుదల వదలకండి. అయితే మీరు వేయని ఉప్పు కూడా ఒంట్లోకి చేరుతుంటుంది. ఇంట్లో ఉన్న బ్రెడ్, బిస్కెట్, సాస్, సూప్ ప్యాకెట్లను తిప్పి వెనకవైపు చదవండి. చాలావాటి మీద ఉప్పు అని ఉండదు, సోడియం అని మిల్లీగ్రాముల్లో ఉంటుంది. దాన్ని రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు లెక్క తేలుతుంది. 800 మిల్లీగ్రాముల సోడియం అంటే 2 గ్రాముల ఉప్పు. పెద్దవాళ్లకు రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాముల లోపే ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ప్యాకెట్ మీది సోడియం అంకె 100 గ్రాములకా, ఒక సర్వింగ్‌కా (ఒకసారి తినే మోతాదుకా) అన్నది కూడా చూసుకోండి. సర్వింగ్ అంటే ఒక్కోసారి రెండు బిస్కెట్లే! నీళ్లలో వేస్తే బుసబుస పొంగే మాత్రల్లోనూ సోడియం ఉంటుంది.

కంపెనీలు తగ్గించాలనేది ఇందుకే. అప్పటికే తయారైన బ్రెడ్‌లోంచి ఉప్పు తీసేయడం మీ చేతుల్లో లేదు కదా. బ్రిటన్‌లో ఏటా కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వచ్చారు. 2001 నుంచి 2011 లోపు అక్కడి బ్రెడ్‌లో ఉప్పు దాదాపు 20 శాతం తగ్గింది. తగ్గింపు మెల్లగా జరిగితే నాలుక పట్టుకోలేదు, కొన్ని వారాల్లో ఆ రుచికే అలవాటు పడుతుంది. జబ్బు ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ ఒకేసారి మేలు జరిగే ఇలాంటి పని వైద్యంలో అరుదు. అందుకే నేను దీన్ని గట్టిగా సమర్థిస్తాను.

లో సోడియం ఉప్పు సంగతి. అందులో కొంత సోడియం బదులు పొటాషియం ఉంటుంది. చైనా పల్లెల్లో సుమారు 21 వేల మందిపై జరిగిన అధ్యయనంలో దీన్ని వాడినవాళ్లకు పక్షవాతం ముప్పు 14 శాతం తగ్గింది. 2021లో ఆ ఫలితాలు వచ్చాయి. కానీ కిడ్నీ జబ్బు ఉన్నా, టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ లాంటి బీపీ మందులు వాడుతున్నా రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరగొచ్చు, గుండె లయ తప్పొచ్చు. మీరు వాడే మాత్ర పేరు రాయలేదు. కాబట్టి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపేది), పొటాషియం పరీక్షలు చేయించుకుని, మీ డాక్టర్ సరేనన్నాకే కొనండి.

మాత్ర మాత్రం సొంతంగా ఆపొద్దు. వారం రోజులు పొద్దున, సాయంత్రం ఐదు నిమిషాలు కూర్చున్నాక బీపీ చూసి రాసిపెట్టుకోండి. ఆ కాగితం, మందుల చీటీ డాక్టర్‌కు చూపించండి. మోతాదు మార్చాల్సి రావచ్చు.