పాఠకుల సందేహాలు: గడ్డివామి కింద ఉడుము

ప్రశ్న: మా పెరట్లో గడ్డివామి పక్కన పెద్ద ఉడుము తిరుగుతోంది. దాని కాటు పాముకాటుతో సమానమని కొందరు, దాని నాలుకను పచ్చిగా మింగితే ఉబ్బసం తగ్గుతుందని మరికొందరు అంటున్నారు. కోళ్లకు ముప్పు ఉంటుందా? దానిని ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, సిద్ధవటం, కడప జిల్లా

జవాబు: ఏమీ చేయనక్కరలేదు, అలజడి పెట్టకుంటే దాని దారిన అదే వెళ్లిపోతుంది. తోకతో కలిపి సుమారు 175 సెంటీమీటర్ల వరకు పెరిగే ఈ జంతువుకు పాముకున్నట్టు విషాన్ని ఎక్కించే కోరలు లేవు. అయితే తప్పించుకునే సందు లేనప్పుడు ఒళ్లు ఉబ్బించి బుసకొడుతుంది, తోకతో చెళ్లున కొడుతుంది, గట్టిగా కరుస్తుంది. ఉడుము పోయినా చెయ్యి దక్కితే చాలునన్న సామెత ఊరికే రాలేదు. కరిస్తే గాయాన్ని సబ్బుతో బాగా కడిగి వైద్యునికి చూపించుకోవాలి.

దూరంగా నిలబడి గమనిస్తే, అది రెండుగా చీలిన నాలుకను మాటిమాటికీ బయటికి చాపుతూ నడవడం కనిపిస్తుంది. నాలుకకు అంటిన వాసనను అంగిట్లోని ప్రత్యేక అవయవం పసిగడుతుంది. నేలలో దాగిన పురుగునైనా అలా కనిపెట్టి, ముందుకాళ్ల గోళ్లతో తవ్వి తింటుంది. పేడపురుగులు, తేళ్లు, నత్తలు, పీతలు, కప్పలు, ఎలుకలు, చచ్చిన జంతువుల మాంసం, వీటిలో ఏది దొరికినా వదలదు. గుడ్లూ కోడిపిల్లలూ కూడా ఆ జాబితాలో ఉన్నాయి కనుక మీ భయం అకారణం కాదు. కాకపోతే అది పగటి జంతువు; రాత్రి గంప మూసినందువల్ల ప్రయోజనం లేదు, పొదుగుతున్న కోడిని పగటిపూటే కాపాడుకోవాలి.

ఇక నాలుకతో ఉబ్బసం తగ్గడం ఒట్టి మాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉడుమును మొదటి షెడ్యూలులో చేర్చింది. దానిని చంపినా, పట్టినా 3 నుంచి 7 ఏళ్ల జైలుశిక్ష, కనీసం 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. పూజకు పనికివచ్చే వేరు అని చెప్పి అమ్మే 'హత్తాజోడి' కూడా నిజానికి మగ ఉడుము జననాంగమే కనుక, దానిని కొన్నవారూ చిక్కుల్లో పడతారు.

ప్రశ్న: వానకారులో మా చేనిగట్టు మీది పుట్టను ఒక ఉడుము తవ్వింది. ఎందుకు?
– ఒక పాఠకురాలు, అనంతపురం జిల్లా

జవాబు: గుడ్లు పెట్టడానికి అయి ఉండవచ్చు. ఆడ ఉడుము గుంటలో ఇరవై దాకా గుడ్లు పెట్టి పూడ్చివేస్తుంది. ఒక్కొక్కసారి శత్రువులను ఏమార్చడానికి చుట్టుపక్కల ఉత్తుత్తి గుంటలు కూడా తవ్వుతుంది. ఆ గుడ్లు పిల్లలు కావడానికి అయిదున్నర నెలల నుంచి ఎనిమిది నెలలకు పైగా పడుతుంది కనుక, వచ్చే ఎండాకాలం ముగిసేదాకా ఆ గట్టును చదును చేయించకండి.